గ్యాస్ మీద తడబడే కారు: లోపాన్ని ఏ వరుసలో వెతకాలి

పెట్రోల్ కారుకు సీఎన్‌జీ కిట్ వేయించుకున్నవారి నోట తరచూ వినిపించే ఫిర్యాదు ఒకటుంది. పెట్రోల్ మీద బండి చక్కగా నడుస్తుంది. గ్యాస్ మీదకు మారాక మాత్రం యాక్సిలరేటర్ తొక్కిన వెంటనే ఎత్తుకోదు, ఒక్క క్షణం ఆగినట్టయి ఆ తరువాత జర్కుతో ముందుకు పోతుంది. ఈ మాట వినగానే కిట్లు బిగించే షాపుల్లో చాలామంది లాప్‌టాప్ తెరిచి ట్యూనింగ్ మొదలుపెడతారు. గ్యాస్ మోతాదు కొంచెం పెంచుతారు, బండి ఆ పూటకు బాగున్నట్టే అనిపిస్తుంది, కొన్నాళ్లకు అదే జబ్బు ఇంకొంత ముదిరి తిరిగి వస్తుంది. అరిగిన స్పార్క్ ప్లగ్గునో, మూసుకుపోయిన ఫిల్టర్‌నో, జిగురు పట్టిన ఇంజెక్టర్‌నో ట్యూనింగ్‌తో కప్పిపెట్టినంత మాత్రాన లోపం తొలగదు. అందువల్ల ఇక్కడ ఒక వరుసను పట్టుబట్టి చెప్పవలసి వస్తోంది: మొదట పెట్రోల్ మీద ఇంజన్ పరిస్థితి, తరువాత స్పార్క్, ఆపైన గ్యాస్ ప్రెషర్, ఆ తరువాత ఇంజెక్టర్లు, పైపులు, సెన్సర్లు, ఇవన్నీ సరిగ్గా ఉన్నాయని తేలాక మాత్రమే ట్యూనింగ్.

వెతుకులాట మొదలుపెట్టే ముందు, అది నిజంగా లోపమేనా అన్నది తేల్చుకోవాలి. మీథేన్ ఒక పాలు పూర్తిగా మండడానికి ఘనపరిమాణంలో సుమారు తొమ్మిదిన్నర పాళ్ల గాలి కావాలి. వాయురూపంలోనే లోపలికి వెళ్లే ఈ ఇంధనం, ఇంజన్‌లోకి గాలి వెళ్లే గొట్టమైన మానిఫోల్డ్‌లో దాదాపు పదో వంతు చోటును తానే ఆక్రమించుకుంటుంది కనుక, ఇంజన్ సిలిండర్‌కు అందే గాలి ఆ మేరకు తగ్గుతుంది, శక్తి కూడా ఇంచుమించు అదే నిష్పత్తిలో తగ్గుతుంది. నలుగురు మనుషులు, సామాను, ఏసీతో తిరుమల ఘాట్ ఎక్కేటప్పుడు పెట్రోల్ మీద మూడో గేరులో పోయిన చోట గ్యాస్ మీద రెండో గేరు అడిగితే దానికి చికిత్స ఏమీ లేదు, అది గ్యాస్ స్వభావం. ఈ తగ్గుదల అన్ని వేగాల్లోనూ ఒకే తీరుగా, నునుపుగా ఉంటుంది. తడబాటు అలా ఉండదు. అది ఒక ప్రత్యేక సమయంలో వస్తుంది, ఆగి ఆగి వస్తుంది, స్టీరింగు పట్టుకున్న చేతికి తెలుస్తుంది.

కిట్ పనిచేసే తీరు

ఇప్పటి ఇంజెక్షన్ కార్లకు వేసే సీక్వెన్షియల్ కిట్‌లో గ్యాస్ సుమారు 200 బార్ల ఒత్తిడితో గ్యాస్ సిలిండర్‌లో ఉంటుంది. రెడ్యూసర్ దానిని సాధారణంగా 2 బార్ల దరిదాపులకు దించుతుంది. అక్కడి నుంచి ఒక చిన్న ఫిల్టర్ గుండా ఇంజెక్టర్ రెయిల్‌కు, రెయిల్ నుంచి సన్నని రబ్బరు పైపుల ద్వారా మానిఫోల్డ్‌కు బిగించిన నాజిళ్లకు వెళుతుంది. ఇంజన్‌లోని ఏ సిలిండర్‌కు ఎంత ఇంధనం కావాలో లెక్క కట్టేది మాత్రం ఎప్పటిలా పెట్రోల్ ఈసీయూ, అంటే కారు సొంత కంప్యూటరే. గ్యాస్ ఈసీయూ దుబాసీలాగా మధ్యలో నిలబడి, పెట్రోల్ ఇంజెక్టర్‌ను ఎంతసేపు తెరవమని ఆదేశం వచ్చిందో చూసి, గ్యాస్ ఒత్తిడి, ఉష్ణోగ్రత లెక్కలోకి తీసుకుని, ఒక గుణకంతో హెచ్చవేసి, గ్యాస్ ఇంజెక్టర్‌ను అంతసేపు తెరుస్తుంది. గ్యాస్ నడుస్తున్నంతసేపూ పెట్రోల్ ఇంజెక్టర్లు మూసి ఉంటాయి. పెట్రోల్ వైపు లెక్క తప్పితే గ్యాస్ వైపు కూడా తప్పుతుందన్న సంగతి ఈ నిర్మాణంలోనే ఉంది. కిట్‌ను మాత్రమే విడదీసి చూసేవారు దీనినే మరచిపోతారు.

చేయి పెట్టే ముందు

ఎక్కడైనా గ్యాస్ వాసన వస్తుంటే తడబాటు సంగతి పక్కన పెట్టి, ఇంజన్ ఆపి, సిలిండర్ మీద ఉన్న చేతి వాల్వు మూసివేయాలి. సీఎన్‌జీకి స్వతహాగా వాసన లేదు, లీకు తెలియడానికే దానికి ఘాటైన వాసన కలుపుతారు. జాయింట్లను సబ్బు నీటి నురగతో పరీక్షించవచ్చు, అగ్గిపుల్లతో పరీక్షించడం ప్రాణాంతకం. సిలిండర్ నుంచి రెడ్యూసర్ వరకు వచ్చే ఉక్కు పైపు, దాని నట్లు, ఫిల్లింగ్ వాల్వు, వీటిని అధీకృత షాపువారు తప్ప ఎవరూ విప్పకూడదు, ఎందుకంటే ఆ భాగమంతా 200 బార్ల ఒత్తిడిలో ఉంటుంది. రెడ్యూసర్ తరువాతి తక్కువ ఒత్తిడి భాగాన్ని విప్పవలసి వచ్చినా సిలిండర్ వాల్వు మూసి, ఇంజన్‌ను అది ఆగేవరకు గ్యాస్ మీద నడిపి పైపులు ఖాళీ చేయాలి. పని ఆరుబయట చేయాలి. సీఎన్‌జీ గాలికన్నా తేలిక కాబట్టి పైకప్పు కింద చేరుతుంది. ఎల్‌పీజీ గాలికన్నా బరువు కాబట్టి సర్వీసు గుంటలో, మురుగు కాలువలో చేరి అక్కడే నిలుస్తుంది. సిలిండర్‌కు మూడేళ్లకోసారి జరగవలసిన హైడ్రో టెస్టు (నీటి ఒత్తిడి పరీక్ష) గడువు దాటిందేమో కూడా ఇదే సమయంలో ప్లేటు మీద చూసుకోవాలి.

ఎప్పుడు తడబడుతోంది

మంచి మెకానిక్ బానెట్ ఎత్తే ముందు ప్రశ్నలు అడుగుతాడు. వాటిని కారు యజమాని తనకు తానే వేసుకుని, రెండు మూడు రోజుల పాటు గమనించి ఒక కాగితం మీద రాసుకుంటే సగం పని అయినట్టే. పెట్రోల్ నుంచి గ్యాస్‌కు మారే క్షణంలో మాత్రమే జర్కు వచ్చి తరువాత సర్దుకుంటే, మారవలసిన ఉష్ణోగ్రత మరీ తక్కువకు పెట్టారనో, చాలాసేపు నిలిచిన పైపుల్లో ఒత్తిడి సరిగ్గా లేదనో అనుమానించాలి. సిగ్నల్ దగ్గర నుంచి కదిలేటప్పుడు, అంటే ఐడ్లింగ్ (బండి కదలకుండా ఇంజన్ మాత్రమే తిరిగే స్థితి) నుంచి యాక్సిలరేటర్ తొక్కిన తొలి క్షణంలో వచ్చేదైతే నాజిల్ పైపులు, ఇంజెక్టర్లు, రెడ్యూసర్‌కు వెళ్లే వాక్యూమ్ పైపు, ఎయిర్ లీకు ముందుకు వస్తాయి. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు, ఓవర్‌టేక్ చేసేటప్పుడు, అంటే లోడు పడినప్పుడు మాత్రమే వచ్చేదైతే మొదటి అనుమానం స్పార్క్ మీద, రెండోది గ్యాస్ ప్రెషర్ మీద ఉండాలి. వాన పడిన రోజున ఎక్కువై ఎండ కాసిన రోజున తగ్గితే దాదాపుగా ఇగ్నిషన్ సంగతే. గ్యాస్ సిలిండర్ నిండుగా ఉన్నప్పుడు లేకుండా చివరికి వచ్చేసరికి మొదలైతే ప్రెషర్. ఎడతెగకుండా ఒకే లయలో గుద్దుకుంటున్నట్టు ఉంటే ఇంజన్‌లో ఒకే సిలిండర్ మిస్ కొడుతోందని, అంటే అందులో ఇంధనం సరిగ్గా అంటుకోవడం లేదని అర్థం.

ఇంకొకటి గమనించాలి. తొక్కగానే జర్కు వచ్చి, ఆ వెంటనే బండి హాయిగా పోతుంటే, డాష్‌బోర్డు మీది గ్యాస్ స్విచ్చు వంక చూడాలి. ఒత్తిడి నిర్ణీత స్థాయికన్నా పడిపోతే గ్యాస్ ఈసీయూ తనంతట తానే పెట్రోల్‌కు మారుతుంది. చాలా కిట్లలో బీప్ వస్తుంది, పాటల చప్పుడులో అది వినిపించకపోవచ్చు. అప్పుడు అనుభవంలోకి వచ్చిన జర్కు ఇంధనం మారినప్పటిది, మూలం మాత్రం ప్రెషర్‌లో ఉంటుంది.

పెట్రోల్ పరీక్ష, దానిలోని మోసం

ఇంజన్ బాగా వేడెక్కాక పెట్రోల్ మీదకు మార్చి, అదే రోడ్డు మీద, అదే గేరులో, అదే లోడుతో నడిపి చూడడం అందరూ చేసే పరీక్షే. పెట్రోల్ మీద కూడా తడబడితే కిట్‌ను వదిలేసి సాధారణ పెట్రోల్ కారుకు చేసే పరిశీలనే చేయాలి: ఎయిర్ ఫిల్టర్, థ్రాటిల్ బాడీ మసి, వాక్యూమ్ లీకు, ప్లగ్గులు, ఫ్యూయల్ పంపు. అయితే ఈ పరీక్ష ఇచ్చే జవాబును ముఖవిలువకు తీసుకోకూడదు, దానికి రెండు కారణాలున్నాయి.

మొదటిది ఫ్యూయల్ ట్రిమ్. ఎగ్జాస్టులోని ఆక్సిజన్ సెన్సర్ చెప్పినదాన్ని బట్టి పెట్రోల్ ఈసీయూ ఇంధనాన్ని ఎప్పటికప్పుడు సవరిస్తూ, ఆ సవరణను దీర్ఘకాలిక ట్రిమ్‌గా గుర్తుపెట్టుకుంటుంది. గ్యాస్ మోతాదు తక్కువగా ఉన్న కారును చాలాకాలం నడిపితే ట్రిమ్ 15, 20 శాతం ప్లస్ వైపుకు పోతుంది. అలాంటి కారును ఒక్కసారిగా పెట్రోల్‌కు మార్చితే అవసరానికి మించి పెట్రోల్ పడి, పెట్రోల్ మీద కూడా ఇంజన్ ఉక్కిరిబిక్కిరి అవుతుంది. అప్పుడు మెకానిక్ పెట్రోల్ వైపు లోపం ఉందని పొరబడతాడు. కాబట్టి ఈసీయూలోని వివరాలు చదవడానికి ఉండే ఓబీడీ సాకెట్‌కు స్కానర్ పెట్టి, గ్యాస్ మీద ఉన్న ట్రిమ్ విలువలను ముందే రాసుకుని, తరువాత పెట్రోల్ మీద కనీసం 20, 30 కిలోమీటర్లు వేర్వేరు వేగాల్లో నడిపి, విలువలు స్థిరపడ్డాక చూడాలి. పెట్రోల్ మీద దీర్ఘకాలిక ట్రిమ్ ప్లస్ 5, మైనస్ 5 శాతం మధ్య ఉంటే మంచిది, 10 దాటితే ముందు దాని సంగతి చూడాలి. పీ0171 కోడ్ మిశ్రమంలో ఇంధనం తక్కువైందని, పీ0172 ఎక్కువైందని, పీ0301 నుంచి పీ0304 వరకు ఉన్నవి ఏ సిలిండర్ మిస్ కొడుతోందో చెబుతాయి. కోడ్ వచ్చినప్పుడు బండి ఏ ఇంధనం మీద ఉందో తెలియకుండా ఆ కోడ్‌కు అర్థం చెప్పబోవడం వృథా.

రెండో కారణం, గ్యాస్ కారులో పెట్రోల్ వ్యవస్థ వాడకం లేక పాడవుతుంది. నెలల తరబడి పెట్రోల్ ఇంజెక్టర్లు మూసుకుని ఉంటే వాటిలో జిగురు పేరుకుంటుంది. చాలా కిట్లలో గ్యాస్ మీద నడిచేటప్పుడు కూడా పెట్రోల్ పంపు తిరుగుతూనే ఉంటుంది. ట్యాంకులో లీటరు, రెండు లీటర్లు మాత్రమే ఉంచుకుని తిరిగేవారి పంపు వేడెక్కి త్వరగా చెడుతుంది. పెట్రోల్ ట్యాంకును కనీసం పావు వంతు నింపి ఉంచడం, రోజూ కొన్ని కిలోమీటర్లు పెట్రోల్ మీద నడపడం ఖర్చు అనిపించవచ్చు గానీ, పంపు ఖరీదుతో పోల్చితే అది ఖర్చే కాదు.

స్పార్క్: అందరూ దాటేసే మెట్టు

పెట్రోల్ మీద నిలకడగా నడుస్తోంది కాబట్టి ప్లగ్గులు, కాయిళ్లు బాగున్నాయని తీర్మానించడం ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా పెద్ద పొరపాటు. మీథేన్ మిశ్రమాన్ని అంటించడానికి పెట్రోల్ మిశ్రమానికన్నా ఎక్కువ వోల్టేజి కావాలి. ప్లగ్గు అరిగి గ్యాప్ పెరిగితే, కాయిల్ కొంచెం బలహీనపడితే, ప్లగ్ వైరు రబ్బరులో వెంట్రుకవాసి పగులు ఉంటే, పెట్రోల్ ఆ లోటును సహిస్తుంది, గ్యాస్ సహించదు. పైగా థ్రాటిల్ పూర్తిగా తెరుచుకున్నప్పుడు సిలిండర్‌లో ఒత్తిడి పెరిగి, స్పార్క్ దూకడానికి ఇంకా ఎక్కువ వోల్టేజి అవసరమవుతుంది. అందుకే ఐడ్లింగ్‌లో శుభ్రంగా ఉన్న ఇంజన్ ఎత్తు ఎక్కేటప్పుడు మిస్ కొడుతుంది.

ప్లగ్గులను విప్పి సిలిండర్ వరుసలోనే పేర్చి చూడాలి. గ్యాస్ మీద నడిచిన ప్లగ్గు మొన పెట్రోల్ ప్లగ్గుకన్నా తెల్లగా, శుభ్రంగా ఉండడం సహజమే కనుక రంగును మాత్రమే నమ్మకూడదు. ఎలక్ట్రోడ్ అంచులు గుండ్రంగా అరిగాయా, పింగాణీ మీద నిలువుగా సన్నని నల్ల గీత ఉందా, ఫీలర్ గేజ్‌తో గ్యాప్ ఎంత ఉంది అన్నవి చూడాలి. పింగాణీ మీది నల్ల గీత, స్పార్క్ మొన దగ్గర దూకకుండా బయటి నుంచి కారిపోతోందనడానికి గుర్తు. అలాంటి చోట ప్లగ్గుతో పాటు దాని మీద కూర్చునే రబ్బరు బూటు కూడా మార్చాలి. పెట్రోల్‌కు 1.0 లేదా 1.1 మిల్లీమీటర్ల గ్యాప్ ఇచ్చిన ఇంజన్లలో గ్యాస్‌కు 0.7 నుంచి 0.8 మిల్లీమీటర్లు ఉంచడం వాడుకలో ఉన్న పద్ధతి, దానితో రెండు ఇంధనాలూ నడుస్తాయి. ఇరిడియం ప్లగ్గుల సన్నని నడిమి మొనను ఆనుకుని గ్యాప్ సరిచేయబోతే అది విరుగుతుంది, వాటిని తగిన గ్యాప్‌తోనే కొనాలి. కారు మాన్యువల్‌లో ప్లగ్గులకు రాసిన కిలోమీటర్ల గడువు పెట్రోల్‌ను ఉద్దేశించినది, గ్యాస్ మీద నడిచే కారులో దానికన్నా ముందే మార్చాలి.

కాయిల్ ఆన్ ప్లగ్ ఇంజన్లలో అనుమానం ఉన్న కాయిల్‌ను పక్క సిలిండర్‌కు మార్చి, మిస్ కొట్టడం కూడా దానితోపాటు మారిందేమో చూడడం డబ్బు ఖర్చు లేని పరీక్ష. పాత కార్లలో డిస్ట్రిబ్యూటర్ క్యాపు, రోటరు, వైర్లు ఒక్కో వర్షాకాలానికి కొంత క్షీణిస్తాయి. రాత్రి చీకటిలో బానెట్ ఎత్తి, గ్యాస్ వాల్వు మూసి, పెట్రోల్ మీద ఇంజన్ తిరుగుతుండగా దూరం నుంచి చూస్తే వైర్ల మీద నీలి నిప్పురవ్వలు కనిపించవచ్చు. చేతితో తాకకూడదు. ప్లగ్గులు కొత్తవి వేశాక తడబాటు పూర్తిగా పోతే అక్కడితో ఆగాలి. బాగైన బండిని ట్యూనింగ్‌కు తీసుకెళ్లవలసిన పని లేదు.

స్పార్క్‌తో ముడిపడిన ఇంకొక విషయం టైమింగ్, అంటే స్పార్క్ పడే వేళ. మీథేన్ పెట్రోల్‌కన్నా నెమ్మదిగా మండుతుంది కాబట్టి స్పార్క్ కొంచెం ముందుగా పడితే మేలు. కొందరు ఇందుకోసం టైమింగ్ అడ్వాన్స్ ప్రాసెసర్ అనే చిన్న పెట్టె బిగిస్తారు. అది క్రాంక్ సెన్సర్ సంకేతాన్ని సవరించే పెట్టె గనుక, దాని కనెక్షన్ వదులైనా, దాని సెట్టింగ్ అతిగా ఉన్నా ఇంజన్ విచిత్రంగా తడబడుతుంది. ఉన్న కారులో దానిని తాత్కాలికంగా తప్పించి చూడాలి.

ఇక్కడే ట్యాపెట్ల, అంటే వాల్వులను నెట్టే భాగాల మాట కూడా చెప్పాలి. గ్యాస్ పొడి ఇంధనం. వాల్వులు సీట్లలోకి క్రమంగా దిగి, ట్యాపెట్ గ్యాప్ తగ్గుతుంది. ఆ గ్యాప్‌ను తామే సరిచేసే హైడ్రాలిక్ అడ్జస్టర్లు లేని ఇంజన్లలో గ్యాప్ పూర్తిగా పోతే వాల్వు సరిగ్గా మూసుకోక కంప్రెషన్ కారిపోతుంది. ఉదయం చల్లగా ఉన్నప్పుడు బాగుండి, ఇంజన్ వేడెక్కిన కొద్దీ ఐడ్లింగ్ వణికితే ఫీలర్ గేజ్‌తో ట్యాపెట్లు చూడాలి, కంప్రెషన్ కొలవాలి.

గ్యాస్ ప్రెషర్, రెడ్యూసర్

స్పార్క్ నిర్దోషి అని తేలాక గ్యాస్ వైపు రావాలి. గ్యాస్ ఈసీయూకు సాఫ్ట్‌వేర్ కలిపి రెయిల్ ప్రెషర్‌ను కదిలే బండిలోనే చూడాలి. నిలిపి ఉంచి ఐడ్లింగ్‌లో చూసిన ప్రెషర్ ఏమీ చెప్పదు. ఒకరు నడుపుతుండగా ఇంకొకరు లాప్‌టాప్ పట్టుకుని, మూడో గేరులో తక్కువ వేగం నుంచి యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు ప్రెషర్ ఎంత పడుతోందో గమనించాలి. రెండు మూడు పాయింట్లు, అంటే 0.2 లేదా 0.3 బార్ల తగ్గుదల సాధారణం. అర బారు, ఇంకా ఎక్కువ పడిపోయి కోలుకోవడానికి సమయం తీసుకుంటే గ్యాస్ దారిలో ఎక్కడో అడ్డు ఉంది.

ఆ అడ్డును చవకైన చోటు నుంచి వెతకాలి. గ్యాస్ సిలిండర్ వాల్వు పూర్తిగా తెరిచి ఉందా చూడాలి. సర్వీసు తరువాత సగమే తెరిచి వదిలేయడం జరుగుతూ ఉంటుంది. తరువాత రెడ్యూసర్‌కూ రెయిల్‌కూ మధ్య ఉన్న ఫిల్టర్. ఫిల్లింగ్ స్టేషన్ కంప్రెసర్ల నుంచి గ్యాస్‌తో పాటు సన్నని నూనె తుంపర వస్తుంది, అది ఈ ఫిల్టర్‌లో, ఇంజెక్టర్లలో చేరి జిగురవుతుంది. ఫిల్టర్ విప్పి వంచినప్పుడు నల్లని నూనె కారితే ఇంజెక్టర్లలో కూడా అదే ఉందని అనుకోవాలి. ఆ పైన రెడ్యూసర్ లోపలి హై ప్రెషర్ ఫిల్టర్, సాలినాయిడ్ (కరెంటుతో తెరుచుకునే వాల్వు), డయాఫ్రాములు (రబ్బరు పొరలు). ఈ భాగం అధీకృత షాపువారి పని.

రెడ్యూసర్‌కు మానిఫోల్డ్ నుంచి ఒక సన్నని వాక్యూమ్ పైపు వెళుతుంది. దాని ద్వారానే ఇంజన్ లోడు ఎంత ఉందో రెడ్యూసర్‌కు తెలిసి, ప్రెషర్ అందుకు తగ్గట్టు మారుతుంది. మన ఎండలకు ఈ రబ్బరు పైపు గట్టిపడి, చివర్లో పగులుతుంది. బయటికి చక్కగానే కనిపిస్తుంది, చేతితో వంచితేనే పగులు తెరుచుకుంటుంది. కొన్ని రూపాయల పైపు ఒకవైపు గాలి లీకుగానూ ఇంకొకవైపు తప్పు ప్రెషర్‌గానూ రెండు విధాల నష్టం చేస్తుంది.

ఒత్తిడి 200 బార్ల నుంచి 2 బార్లకు పడినప్పుడు గ్యాస్ విపరీతంగా చల్లబడుతుంది. ఆ చలిని తట్టుకోవడానికే ఇంజన్ కూలెంట్‌ను రెడ్యూసర్ గుండా తిప్పుతారు. కూలెంట్ తగ్గినా, పైపులో గాలి బుడగ నిలిచినా, థర్మోస్టాట్ తెరుచుకునే ఉండిపోయినా రెడ్యూసర్ చల్లబడి, మే నెల మధ్యాహ్నం కూడా దాని ఒంటి మీద తెల్లని మంచు పేరుకోవచ్చు. హైవే మీద కాసేపు వేగంగా పోయాక తడబడి, పది నిమిషాలు నిలిపితే బాగయ్యే కారులో ముందు చూడవలసింది ఇదే. ఇంజన్ వేడెక్కాక రెడ్యూసర్‌కు వచ్చే పైపునూ పోయే పైపునూ తాకితే రెండూ వెచ్చగా ఉండాలి. గ్యాస్‌కు మారే ఉష్ణోగ్రతను 30 నుంచి 40 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంచడం మంచిది. త్వరగా గ్యాస్‌కు మారితే పెట్రోల్ మిగులుతుందని దానిని ఇంకా తగ్గించమని అడిగే యజమానులకు రెడ్యూసర్ డయాఫ్రాముల ఆయుష్షు కూడా అలాగే తగ్గుతుందని చెప్పాలి.

ఇంజెక్టర్లు, పైపులు, వైర్లు

చాలా గ్యాస్ ఈసీయూల సాఫ్ట్‌వేర్‌లో ఒక్కొక్క సిలిండర్‌ను విడిగా పెట్రోల్‌కు మార్చే వీలుంటుంది. లోపం ఏ సిలిండర్‌లో ఉందో తేల్చడానికి ఇంతకు మించిన సాధనం లేదు. నాలుగూ గ్యాస్ మీద ఉండగా తడబడే బండి, మూడోదాన్ని పెట్రోల్‌కు మార్చగానే సర్దుకుంటే, లోపం మూడో గ్యాస్ ఇంజెక్టర్, దాని పైపు, దాని నాజిల్, లేదా ఆ సిలిండర్‌లోని బలహీనమైన స్పార్క్. మూడో సిలిండర్ ప్లగ్గు, కాయిల్ పక్కదానితో మార్చి చూసి, అప్పటికీ మూడోదే మిస్ అయితే ఇంజెక్టర్‌ను పట్టుకోవచ్చు. మల్టీమీటరుతో ఇంజెక్టర్ లోపలి కాయిల్ నిరోధం కొలిస్తే, రకాన్ని బట్టి 1 నుంచి 3 ఓముల మధ్య ఉంటుంది, అన్నిటికన్నా ముఖ్యంగా నాలుగూ ఒకేలా ఉండాలి. నిరోధం సరిగ్గా ఉన్నా లోపలి పిస్టను జిగురు పట్టి ఆలస్యంగా తెరుచుకోవచ్చు, అది చల్లటి ఉదయం ఎక్కువగా తెలుస్తుంది. శుభ్రం చేయించినా లాభం లేకపోతే ఒక్కదాన్ని మార్చడంకన్నా రెయిల్ మొత్తం మార్చి, నాలుగింటి స్ట్రోకు, అంటే పిస్టను కదిలే దూరం సమానంగా ఉండేలా చూసుకోవడం మేలు.

రెయిల్ నుంచి నాజిల్ దాకా పైపులు పొట్టిగా, నాలుగూ సమాన పొడవులో ఉండాలి. బానెట్ కింద చోటు ఉన్న దగ్గర రెయిల్ బిగించేసి, పొడవైన పైపులు వంకరగా లాగిన పని నేను చాలా కార్లలో చూశాను. ఇంజెక్టర్ తెరుచుకున్నాక ఆ గ్యాస్ మానిఫోల్డ్‌కు చేరడానికి పట్టే ఆలస్యమే యాక్సిలరేటర్ తొక్కిన తొలి క్షణంలోని తడబాటు. నాజిళ్లు సిలిండర్ హెడ్‌కు దగ్గరగా, హెడ్ వైపుకు వాలి ఉండాలి. నాజిల్ రంధ్రం పరిమాణం కూడా ఇంజన్‌కు తగి ఉండాలి. 6000 ఆర్‌పీఎం దగ్గర ఇంజన్ చక్రం మొత్తం 20 మిల్లీసెకన్లలో పూర్తవుతుంది. రంధ్రం చిన్నదైతే ఆ కాస్త సమయంలో కావలసినంత గ్యాస్ పట్టదు, పెద్దదైతే ఐడ్లింగ్‌లో ఇంజెక్టర్ తెరిచే సమయం మరీ తగ్గిపోయి నిలకడ ఉండదు.

వైరింగులో ఒక గమ్మత్తైన తప్పు జరుగుతుంది. ఒకటో సిలిండర్ పెట్రోల్ సంకేతాన్ని రెండో సిలిండర్ గ్యాస్ ఇంజెక్టర్‌కు కలిపితే, నిలకడగా పోయేటప్పుడు ఏ తేడా తెలియదు, ఎందుకంటే అన్ని సిలిండర్లూ ఒకే మోతాదు అడుగుతుంటాయి. యాక్సిలరేటర్ మార్చినప్పుడు మాత్రం గ్యాస్ వేళ తప్పి పడుతుంది. కిట్ వేసిన రోజు నుంచీ ఉన్న తడబాటుకు ఇది కారణమై ఉండవచ్చు. వైర్లను సోల్డర్ చేయకుండా మెలిపెట్టి టేపు చుట్టిన జాయింట్లు, వదులైన ఎర్త్, ఇవి కూడా గుంతల రోడ్డు మీద అప్పుడప్పుడు వచ్చి పోయే జర్కులకు మూలాలు. బండి ఐడ్లింగ్‌లో ఉండగా వైర్ల కట్టను మెల్లగా కదిపి చూడాలి.

గ్యాస్ ప్రెషర్, గ్యాస్ ఉష్ణోగ్రత, మానిఫోల్డ్ ప్రెషర్ చెప్పే మ్యాప్ సెన్సర్ల విలువలను బుద్ధితో పోల్చితే చాలు. రాత్రంతా నిలిపిన కారులో స్విచ్ ఆన్ చేయగానే గ్యాస్ ఉష్ణోగ్రత బయటి గాలికి దగ్గరగా ఉండాలి, ఇంజన్ తిరగకముందు మానిఫోల్డ్ ప్రెషర్ 1 బారు దరిదాపుల్లో ఉండాలి. అలా లేకపోతే సెన్సరో దాని వైరో అబద్ధం చెబుతోంది.

పాత మిక్సర్ కిట్లు, ఎల్‌పీజీ

కార్బురేటర్ కార్లకు, తొలితరం ఇంజెక్షన్ కార్లకు వేసిన మిక్సర్ కిట్లలో ఇంజెక్టర్లు ఉండవు, ఇంజన్ పీల్పుకే గ్యాస్ వస్తుంది. వాటిలో తడబాటుకు మొదట చూడవలసింది ఎయిర్ ఫిల్టర్. అది మూసుకుపోతే గాలి తగ్గి గ్యాస్ పాలు ఎక్కువవుతుంది. తరువాత రెడ్యూసర్ డయాఫ్రాము. రబ్బరు గట్టిపడితే తొక్కిన వెంటనే గ్యాస్ రాదు. ఈ కార్లు బలహీనమైన స్పార్క్‌తో, గ్యాస్ తక్కువైన మిశ్రమంతో నడిస్తే మానిఫోల్డ్‌లోనే గ్యాస్ అంటుకుని బ్యాక్‌ఫైర్ అవుతుంది, ఎయిర్ ఫిల్టర్ డబ్బా పగులుతుంది. ఠప్ అని ఒక్కసారి వినిపించినా ప్లగ్గులు, వైర్లు చూడకుండా బండి నడపకూడదు.

ఎల్‌పీజీ కార్లలో, ద్రవరూప గ్యాస్‌ను వాయువుగా మార్చే వేపరైజర్ అడుగున నూనెలాంటి మడ్డి చేరుతుంది. డ్రెయిన్ బోల్టు ఉంటే ఇంజన్ వెచ్చగా ఉన్నప్పుడు, గ్యాస్ మూసి, దాన్ని తీయాలి. ఇంటి వంట సిలిండర్ గ్యాస్‌ను కారులో నింపడం చట్టవిరుద్ధం, ప్రమాదం కూడా. అలా నింపే కార్లకు ఈ పద్ధతులేవీ వర్తించవు, ముందు ఆ పని మానాలి.

ఆఖరున ట్యూనింగ్

పైవన్నీ చూశాక కూడా తడబాటు మిగిలితే అప్పుడు మ్యాపు, అంటే గ్యాస్ ఈసీయూ వాడే గుణకాల పట్టిక తెరవాలి. ఇంజన్ పూర్తిగా వేడెక్కాక, ఏసీ, లైట్లు ఆపి, ముందు ఆటో కాలిబ్రేషన్ చేయాలి. అది ఐడ్లింగ్‌ను మాత్రమే సరిచేస్తుంది, రోడ్డు మీది మ్యాపును చేత్తో సరిచేయాలి. పద్ధతి సూటిగా ఉంటుంది. నిలకడైన వేగంతో, సమతలమైన రోడ్డు మీద పెట్రోల్‌తో పోతూ పెట్రోల్ ఇంజెక్షన్ సమయాన్ని చూసి రాసుకోవాలి. అదే గేరు, అదే వేగంలో గ్యాస్‌కు మార్చి మళ్లీ చూడాలి. గ్యాస్ మీదకు మారాక పెట్రోల్ ఇంజెక్షన్ సమయం పెరిగితే గ్యాస్ తక్కువ పడుతోందని, తగ్గితే ఎక్కువ పడుతోందని అర్థం. ఆ లోడు దగ్గరి గుణకాన్ని కొద్దికొద్దిగా, ఒక్కసారికి రెండు మూడు శాతం మించకుండా మార్చుతూ, ఐడ్లింగ్, నగర వేగం, హైవే వేగం, ఎత్తు ఎక్కే లోడు, ఇలా వేర్వేరు స్థానాల్లో సరిచేయాలి. ఏ ఒక్క చోటైనా గుణకం పక్కవాటికన్నా ఒక్కసారిగా ఎగిరి కనిపిస్తే ట్యూనింగ్ ఆపి, ఇంకా దొరకని లోపం కోసం వెనక్కి వెళ్లాలి. మార్పులు చేసే ముందు పాత మ్యాపును తప్పనిసరిగా సేవ్ చేసి పెట్టుకోవాలి.

పెట్రోల్ ఈసీయూ యాక్సిలరేటర్ తొక్కినప్పుడు అదనంగా చిన్న పల్సులు పంపే ఇంజన్లలో, గ్యాస్ ఈసీయూ వాటిని విడి ఇంజెక్షన్లుగా లెక్కించి తడబాటు తెస్తుంది. అదనపు ఇంజెక్షన్లను వడగట్టే సెట్టింగ్ చాలా సాఫ్ట్‌వేర్‌లలో ఉంటుంది, దాన్ని మార్చి రోడ్డు మీద చూడాలి.

ట్యూనింగ్ ముగిశాక స్కానర్‌తో కోడ్‌లు, ట్రిమ్‌లు చెరిపేసి, వంద కిలోమీటర్ల దాకా గ్యాస్, పెట్రోల్ రెండూ మార్చి మార్చి నడపాలి. అప్పుడు రెండు ఇంధనాల మీదా దీర్ఘకాలిక ట్రిమ్‌ను రాసుకుని పోల్చాలి. రెండింటి మధ్య తేడా 5 శాతం లోపు ఉంటే మ్యాపు కుదిరినట్టు. ఆ రెండు అంకెలనూ, ప్లగ్గులు మార్చిన కిలోమీటరునూ, ఫిల్టర్ మార్చిన తేదీనీ ఒక కాగితం మీద రాసి ఆర్‌సీ కాగితాలతో పాటు కారులోనే పెట్టుకుంటే, తరువాతిసారి బండి తడబడినప్పుడు ఏ మెకానిక్ దగ్గరకు వెళ్లినా వెతుకులాట ఆ కాగితం నుంచే మొదలుపెట్టవచ్చు.